మూడోవంతు పనికిరాని సరుకుతో ప్రాసెసర్: ఒక టెస్టింగ్ ప్రొఫెసర్ చేతిలో కార్బన్ నానోట్యూబ్

కార్బన్ అణువుల అతిసన్నని గొట్టాన్ని కార్బన్ నానోట్యూబ్ అంటారు. దాంతో ట్రాన్సిస్టర్ చేయొచ్చని 1998లోనే తేలిపోయింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సీస్ డెకర్ బృందం, అమెరికాలోని ఐబీఎంలో ఫీడాన్ అవూరిస్ బృందం అదే ఏడాది విడివిడిగా చేసి చూపించాయి. ఒక ట్యూబ్, దాని రెండు కొసల మీద మెటల్ కాంటాక్టులు, కింద కరెంట్‌ని తెరిచి మూసే గేట్ అనే ఎలక్ట్రోడ్. అంతే, పనిచేసింది. కానీ అక్కడి నుంచి ఒక బుల్లి కంప్యూటర్ దాకా రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. 2013లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బృందం 178 ట్రాన్సిస్టర్లతో దాన్ని చేసింది. 2019లో ఎంఐటీ బృందం 14,000కు పైగా ట్రాన్సిస్టర్లతో 16 బిట్ల ప్రాసెసర్ చేసింది.

1998కీ 2019కీ మధ్య అడ్డు ఏమిటి, అది ఎలా తొలగింది అన్నదే ఈ కేసు. నా పని సిలికాన్ వేఫర్ టెస్టింగ్. వచ్చిన వేఫర్‌ని, అంటే చిప్‌లు చేసిన పలుచటి బిళ్లని, సూదులతో తాకి కరెంట్ కొలిచే ప్రోబ్ స్టేషన్ మీద పెట్టి, ఏ చిప్ మంచిది, ఏది పోయింది, పోయింది ఎందుకు పోయింది అని చూడటం. నానోట్యూబ్‌ల గురించి మామూలుగా కెమిస్ట్రీ వాళ్లో ఫిజిక్స్ వాళ్లో రాస్తారు. అందులో హీరో ఎప్పుడూ మెటీరియలే. నాకు మాత్రం ఈ కథలో పట్టుకోవాల్సిన మనిషి సుభాశిష్ మిత్ర అనిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. నానోట్యూబ్‌ని కనిపెట్టింది ఆయన కాదు, శుద్ధి చేసింది ఆయన కాదు, మొదటి ట్రాన్సిస్టర్ చేసిందీ ఆయన కాదు. ఆయన మా బాపతు మనిషి. చిప్ టెస్టింగ్ నుంచి వచ్చాడు.

మనిషి

జాదవ్‌పూర్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్., తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ. అక్కడ ఆయన గైడ్ ఎడ్వర్డ్ మెక్‌క్లస్కీ. లాజిక్ డిజైన్ చదివిన వాళ్లకు క్వైన్-మెక్‌క్లస్కీ పద్ధతి గుర్తుండే ఉంటుంది, ఆ మెక్‌క్లస్కీయే. ఆ ల్యాబ్ పని అంతా ఒకటే: హార్డ్‌వేర్ తప్పు చేస్తుందని ముందే ఒప్పుకుని, ఆ తప్పును పట్టుకోవడం, తట్టుకోవడం.

పీహెచ్‌డీ అయ్యాక మిత్ర ఇంటెల్‌లో చేరాడు. అక్కడ చేసిన ఎక్స్-కాంపాక్ట్ అనే పద్ధతి మా రంగంలో అందరికీ తెలిసిందే. చిప్‌ని టెస్ట్ చేసేటప్పుడు బయటికి వచ్చే సమాధానాలు లక్షల్లో ఉంటాయి, వాటిని కుదించి చూడాలి. చిక్కేమిటంటే కొన్ని సమాధానాలు సున్నానో ఒకటో ముందే చెప్పలేం. వాటిని మేం ఎక్స్ అంటాం. మామూలు కుదింపులో ఒక్క ఎక్స్ దొర్లినా ఫలితం మొత్తం పాడవుతుంది. ఎక్స్‌లు ఉన్నా సరే తప్పు దొరికేలా కుదింపు సర్క్యూట్‌నే కట్టడం ఎక్స్-కాంపాక్ట్ చేసే పని. ఎక్స్‌లను లేకుండా చేద్దాం అని ఆయన కూర్చోలేదు. ఉండనీ, వాటితోనే పని జరగాలి అన్నాడు. నానోట్యూబ్‌ల విషయంలోనూ ఆయన చేసింది అదే.

2000 దశకం మధ్యలో స్టాన్‌ఫర్డ్‌కి ప్రొఫెసర్‌గా తిరిగొచ్చాడు. ఇంచుమించు అదే సమయంలో, ఐబీఎంలో పదిహేనేళ్లకు పైగా ట్రాన్సిస్టర్ల మీద పనిచేసిన ఫిలిప్ వాంగ్ కూడా స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా చేరాడు. డివైస్ సంగతులు ఒకరికి, సర్క్యూట్ తప్పుల సంగతులు ఇంకొకరికి కొట్టిన పిండి. ఈ ఇద్దరూ కలవకపోతే ఈ కేసు లేదు.

జబ్బు

ఒకే అణువు మందం ఉండే కార్బన్ పొర గ్రాఫీన్. ఆ షీట్‌ని చుట్టగా చుడితే నానోట్యూబ్. ఏ కోణంలో చుట్టుకుందన్న దాన్ని n, m అనే రెండు అంకెలతో చెబుతారు. వాటి తేడా మూడుతో భాగించబడితే ఆ ట్యూబ్ మెటల్‌లా ప్రవర్తిస్తుంది. లేకపోతే సెమీకండక్టర్. పెంచేటప్పుడు కోణం మన చేతిలో ఉండదు కాబట్టి, లెక్క ప్రకారం మూడింట ఒకటి మెటాలిక్ ట్యూబ్. ట్రాన్సిస్టర్‌కి కావాల్సింది సెమీకండక్టర్ ట్యూబ్ మాత్రమే.

మెటాలిక్ ట్యూబ్ ఉన్న ట్రాన్సిస్టర్‌ని ప్రోబ్ స్టేషన్ మీద గుర్తుపట్టడం చాలా తేలిక. గేట్ వోల్టేజ్‌ని ఒక కొస నుంచి ఇంకో కొసకి మెల్లగా జరుపుతూ, ఒక కాంటాక్ట్ (సోర్స్) నుంచి ఇంకో కాంటాక్ట్‌కి (డ్రెయిన్) పారే కరెంట్‌ని లాగ్ స్కేల్ మీద గీయాలి. మంచి డివైస్‌లో గీత నిటారుగా పడిపోతుంది, కరెంట్ పదివేల నుంచి లక్ష రెట్ల దాకా తగ్గుతుంది. మెటాలిక్ ట్యూబ్ ఉన్నదాంట్లో గీత కొంచెం దిగి, అక్కడే బల్లపరుపుగా ఆగిపోతుంది. గేట్ ఎంత అరిచినా ఆ ట్యూబ్‌కి వినపడదు. మిగతా ట్యూబ్‌లన్నీ బుద్ధిగా మూసుకున్నా, ఈ ఒక్కటి సోర్స్ నుంచి డ్రెయిన్‌కి కరెంట్ పారిస్తూనే ఉంటుంది.

ఒక్కో ట్రాన్సిస్టర్‌లో పది ట్యూబ్‌లు ఉన్నాయనుకుందాం. మూడింట రెండు మంచివి అయితే, పదికి పదీ మంచివి పడే అవకాశం 1.7 శాతం. అంటే వందలో తొంభై ఎనిమిది ట్రాన్సిస్టర్లు ఫెయిల్. పోనీ ఒకే ట్యూబ్‌తో ట్రాన్సిస్టర్ చేద్దామంటే, ఒక ట్యూబ్ నుంచి వచ్చే కరెంట్ సర్క్యూట్‌ని నడపడానికి చాలదు. ఇలాంటి యీల్డ్ రిపోర్ట్, అంటే వందకి ఎన్ని మంచివో చెప్పే లెక్క, మా దగ్గరికి వస్తే ప్రాజెక్ట్ మూసేయమని రాసేస్తాం.

ఇది చాలదన్నట్టు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకటి. ట్యూబ్‌లన్నీ ఒకే దిశలో పడవు. క్వార్ట్జ్ మీద పెంచితే స్ఫటికం దిశ వెంట 99.5 శాతం దాకా వరుసగా వస్తాయి. మిగతా అర శాతం అడ్డదిడ్డంగా పోతాయి. అర శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఒక వేఫర్ మీద కోట్ల ట్యూబ్‌లు ఉంటే అర శాతం అంటే లక్షలు. అలా పక్కకి పోయిన ట్యూబ్ గేట్‌ని తప్పించుకుని రెండు కాంటాక్టులను నేరుగా కలిపేస్తే ఆ లాజిక్ గేట్ (కొన్ని ట్రాన్సిస్టర్లతో కట్టే చిన్న సర్క్యూట్) పోయినట్టే.

అందరూ వెళ్లిన దారి

మెటాలిక్ ట్యూబ్‌లను వేరుచేసి పారేద్దాం అన్నది సహజంగా వచ్చే ఆలోచన. ఈ దారిలో గొప్ప పని జరిగింది, తక్కువ చేయలేం. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో మార్క్ హెర్సమ్ బృందం 2006లో అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌తో ట్యూబ్‌లను వేరుచేసే పద్ధతిని ప్రచురించింది. ట్యూబ్‌లకు సబ్బులాంటి అణువులను తొడిగి, సాంద్రత మెట్లుమెట్లుగా మారే ద్రవంలో వేసి అతివేగంగా తిప్పుతారు. మెటాలిక్‌వి ఒక ఎత్తున, సెమీకండక్టర్‌వి ఇంకో ఎత్తున పట్టీలుగా తేలతాయి. తర్వాత పాలిమర్ చుట్టి ఏరే పద్ధతులు వచ్చాయి. ట్యూబ్ వ్యాసాన్ని బట్టి రంగు వేరుగా ఉంటుంది కాబట్టి, సెంట్రిఫ్యూజ్ గొట్టంలోని రంగుల పట్టీలు కంటికే కనిపిస్తాయి.

అయితే పెద్ద సర్క్యూట్లకు ఎంత శుద్ధి కావాలి? కోట్ల లాజిక్ గేట్లు ఉన్న చిప్‌కి 99.999999 శాతం కావాలని లెక్క తేలింది. పది కోట్ల ట్యూబ్‌లలో ఒక్కటి మాత్రమే చెడ్డది ఉండాలి. కెమిస్ట్రీలో తొమ్మిదుల మీద తొమ్మిదులు చేర్చుకుంటూ పోవడం ఎంత కష్టమో, ఆ తొమ్మిదులు నిజంగా ఉన్నాయని నిరూపించడం అంతకంటే కష్టం. సీసాలోని ద్రవం గుండా కాంతిని పంపి చూసే పరీక్ష చెడ్డ ట్యూబ్‌లు శాతాల్లో ఉన్నప్పుడు బాగానే చెబుతుంది. లక్షకు ఒకటి అన్నప్పుడు దానికి కనిపించదు. వేలకొద్దీ ట్రాన్సిస్టర్లు చేసి, ఒక్కోదాన్నీ కరెంట్‌తో కొలిచి, ఎన్ని మూసుకోలేదో లెక్కపెట్టాల్సిందే. శుద్ధి కథ కూడా చివరికి టెస్టింగ్ బల్ల మీదికే వస్తుందన్నమాట.

మొదటి జవాబు: పక్కకి పోయినా పర్లేదు

మిత్ర బృందం ముందు ముట్టుకున్నది రెండో జబ్బుని, అంటే వరుస తప్పిన ట్యూబ్‌లను. 2007లో ఆయన విద్యార్థి నిశాంత్ పాటిల్ తదితరులతో కలిసి చూపించిన పద్ధతిలో ఒక్క ట్యూబ్‌నీ సరిచేయరు. లాజిక్ గేట్ బొమ్మనే మారుస్తారు. ఒక కాంటాక్ట్ నుంచి ఇంకో కాంటాక్ట్‌కి వంకర ట్యూబ్ ఏయే దారుల్లో పోగలదో అన్నీ చూసి, తప్పు లాజిక్ పుట్టించే దారులున్న చోట ట్యూబ్‌లను ముందే ఎచింగ్‌తో (చెక్కేసినట్టు) తీసేస్తారు. మిగిలిన ఏ దారిలో పోయినా ఆ ట్యూబ్ సరైన ట్రాన్సిస్టర్ గేట్ల కిందుగానే పోవాలి. అప్పుడు ఎన్ని ట్యూబ్‌లు వంకరగా పడ్డా లాజిక్ మారదు.

ఇక్కడ నాకు నచ్చింది ఒకటుంది. ఏ ట్యూబ్ ఎక్కడ వంకరపోయిందో చూడాల్సిన అవసరమే లేదు. చిప్ చిప్‌కీ వేరే డిజైన్ అక్కర్లేదు. తప్పు ఎక్కడుందో వెతికి, దాని చుట్టూ దారి మళ్లించే పద్ధతులు అంతకుముందు చాలామంది చెప్పారు. కాగితం మీద అవి బాగానే ఉంటాయి. కానీ ఫ్యాబ్‌లో, అంటే చిప్‌ల ఫ్యాక్టరీలో, ఒక్కో చిప్‌నీ మ్యాప్ గీసి, ఒక్కోదానికీ వేరే వైరింగ్ చేయాలంటే టెస్ట్ ఖర్చే చిప్ ఖర్చుని మించిపోతుంది. ఇది ఆ రంగంలో పనిచేసినవాడికే ముందు తడుతుంది.

రెండో జవాబు: కాల్చేయడం, కానీ ఒక్కొక్కటిగా కాదు

మెటాలిక్ ట్యూబ్‌లను కాల్చొచ్చని 2001లోనే ఐబీఎం బృందం చూపించింది. గేట్‌తో సెమీకండక్టర్ ట్యూబ్‌లను ఆఫ్ చేయాలి. సోర్స్, డ్రెయిన్ల మధ్య వోల్టేజ్ పెంచుకుంటూ పోవాలి. ఆఫ్ అయిన వాటిలో కరెంట్ పారదు కాబట్టి వాటికి ఏమీ కాదు. మెటాలిక్‌వి వేడెక్కి, గాలిలోని ఆక్సిజన్‌తో కాలిపోతాయి. చూడటానికి భలే ఉంటుంది. వోల్టేజ్ పెరిగేకొద్దీ కరెంట్ గీత పైకి పోతూ పోతూ టక్కున ఒక మెట్టు దిగుతుంది. మళ్లీ పోతుంది, మళ్లీ ఒక మెట్టు. ఒక్కో మెట్టూ ఒక్కో ట్యూబ్ చావు. ఒక్కో మెట్టు ఎత్తు సుమారు ఇరవై మైక్రోఆంప్‌లు, అంటే ఒక ట్యూబ్ మోయగలిగిన గరిష్ట కరెంట్. చివరి మెట్టు తర్వాత కరెంట్ ఇంచుమించు సున్నా.

ల్యాబ్‌లో ఒక డివైస్‌కి సరిపోయింది. చిప్‌లో కోటి ట్రాన్సిస్టర్లు ఉంటే ఒక్కోదానికీ సూది ఎక్కడ పెట్టాలి? సర్క్యూట్ లోపలి ట్రాన్సిస్టర్ కాళ్లు బయటికి రావు. వాటిని విడిగా పట్టుకోవడం కుదరని పని.

2009లో పాటిల్, వాంగ్, మిత్ర బృందం దీనికి చెప్పిన జవాబు పేరు వీఎంఆర్. ట్రాన్సిస్టర్లు చేయకముందే, మొత్తం ప్రాంతాన్ని దువ్వెన పళ్లలా ఒకదానిలో ఒకటి దూరిన ఎలక్ట్రోడ్లతో కప్పేస్తారు. పళ్లన్నీ రెండే రెండు తీగలకు కలిసి ఉంటాయి. అడుగున వేఫర్ మొత్తానికీ ఒకటే గేట్. ఒకే దెబ్బకి వోల్టేజ్ ఇచ్చి అక్కడున్న మెటాలిక్ ట్యూబ్‌లన్నీ కాల్చేస్తారు. ఆ తర్వాత అక్కర్లేని ఎలక్ట్రోడ్లను ఎచ్ చేసి తీసేసి, మిగిలిన వాటినే సర్క్యూట్ కాంటాక్టులుగా వాడుకుంటారు. ఈ పద్ధతిలో 99.99 శాతానికి పైగా మెటాలిక్ ట్యూబ్‌లు పోయాయి. డిజైనర్ పాటించాల్సిన షరతు ఒక్కటే, కాంటాక్టులు ఆ దువ్వెన పళ్లు ఉన్న చోటే ఉండాలి.

టెస్ట్ కోసమే ముందుగా ఏర్పాటు చేసి, పనయ్యాక అదృశ్యమయ్యే నిర్మాణాలు మా రంగంలో మామూలు. మెటీరియల్ రంగంలో అది కొత్త.

178 ట్రాన్సిస్టర్లు

2013లో ఈ రెండూ కలిశాయి. మ్యాక్స్ షులాకర్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ముఖ్య రచయితగా, మిత్ర, వాంగ్ బృందం చేసిన కంప్యూటర్ నేచర్ పత్రికలో వచ్చింది. క్వార్ట్జ్ మీద పెంచిన ట్యూబ్‌లను సిలికాన్ వేఫర్ మీదికి మార్చారు. ఒక్కో ట్రాన్సిస్టర్‌లో పది నుంచి రెండు వందల ట్యూబ్‌లు.

ఆ కంప్యూటర్‌కి తెలిసిన ఆదేశం ఒక్కటే: తీసివెయ్యి, ఫలితం రుణాత్మకమైతే వేరే చోటికి దూకు. సిద్ధాంతపరంగా ఈ ఒక్క ఆదేశంతో ఏ లెక్కైనా చేయొచ్చు. రెండు పనులను మార్చి మార్చి నడిపి చూపించారు, ఒకటి అంకెలు లెక్కపెట్టడం, రెండోది అంకెలను వరుసలో పేర్చడం. మిప్స్ ప్రాసెసర్ ఆదేశాల్లో ఇరవైని కూడా దానిమీద నడిపారు. ట్రాన్సిస్టర్లు రెండు రకాలు: గేట్ వోల్టేజ్ తగ్గితే తెరుచుకునేది పీ-టైప్, పెరిగితే తెరుచుకునేది ఎన్-టైప్. అందులో లాజిక్ అంతా పీ-టైప్ ట్రాన్సిస్టర్లే. గాలి తగిలిన నానోట్యూబ్ ట్రాన్సిస్టర్ సహజంగానే పీ-టైప్‌గా ఉంటుంది, ఎన్-టైప్ అప్పటికి నమ్మకంగా రాలేదు.

వేగం ఒక కిలోహెర్ట్జ్. చాలామంది దీన్ని చూసి నవ్వారు. ఇక్కడొక మాట చెప్పాలి. ఆ వేగాన్ని ఆపింది ట్యూబ్‌లు కాదు, కొలిచే ఏర్పాటు. ఇంత చిన్న ట్రాన్సిస్టర్ ఒక ప్రోబ్ ప్యాడ్‌ని, దానికి తగిలించిన కేబుల్‌ని చార్జ్ చేయాల్సి వస్తే ఎవరికైనా ఆయాసమే. మంచి సిలికాన్ డివైస్‌ని కూడా అలా కొలిస్తే నత్తనడకే చూపిస్తుంది.

నిజమైన లోపం వేరే ఉంది. క్వార్ట్జ్ మీద పెంచితే మైక్రాన్‌కి (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుకి) పది లోపు ట్యూబ్‌లు వస్తాయి. సిలికాన్‌తో పోటీపడాలంటే మైక్రాన్‌కి వందకు పైగా కావాలి. పైగా కాల్చే పద్ధతికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ట్యూబ్‌లు దగ్గరదగ్గరగా ఉంటే ఒకటి కాలేటప్పుడు పక్కదాన్నీ పాడుచేసే ప్రమాదం ఉంది. కాబట్టి వీఎంఆర్‌తో ఈ దారి అక్కడిదాకే. నా లెక్కలో ఇది ఓటమి కాదు, ఒక పద్ధతి పరిధి తేలడం. ఆ పరిధిని వాళ్లే ముందు చూశారు.

లెక్క మార్చిన పని

షులాకర్ 2016లో ఎంఐటీకి ప్రొఫెసర్‌గా వెళ్లాడు. మిత్ర దగ్గరే పీహెచ్‌డీ చేసిన గేజ్ హిల్స్ కూడా అక్కడ కలిశాడు. 2019లో వాళ్లు అనలాగ్ డివైసెస్ వాళ్లతో కలిసి ఆర్‌వీ16ఎక్స్-నానో అనే ప్రాసెసర్ చేశారు. రిస్క్-ఫైవ్ అనే ఆదేశాల సెట్‌తో నడుస్తుంది, 16 బిట్ల డేటా మీద పనిచేస్తుంది. తాను నానోట్యూబ్‌లతో చేసినదాన్నని చెప్పే హలో వరల్డ్ సందేశం దానితోనే పలికించారు. ఈసారి ట్యూబ్‌లు క్వార్ట్జ్ మీద పెంచినవి కావు, శుద్ధి చేసి ద్రవంలో కలిపినవి. వేఫర్‌ని ఆ ద్రవంలో నానబెడితే ట్యూబ్‌లు వచ్చి అతుక్కుంటాయి.

ఇక్కడ మూడు పద్ధతులు వాడారు. రెండింటి గురించి క్లుప్తంగా చెబుతాను. రిన్స్ అనేది శుభ్రం చేసే పద్ధతి. నానబెట్టినప్పుడు ట్యూబ్‌లు అక్కడక్కడ ముద్దలు కట్టి అతుక్కుంటాయి. ఆ ముద్ద మీద తర్వాత వేసే పొర సరిగా కూర్చోదు. పైన ఒక పాలిమర్ పూసి, గట్టిపరిచి, ద్రావకంలో పెట్టి అల్ట్రాసౌండ్‌తో కదిలిస్తారు. విడి ట్యూబ్ ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, కదలదు. ముద్ద ఊడిపోతుంది. ముద్దలు 250 రెట్లు తగ్గాయి. మిక్స్‌డ్ అనేది పీ, ఎన్ రెండు రకాల ట్రాన్సిస్టర్లూ నమ్మకంగా చేసే పద్ధతి. పీ-టైప్‌కి ప్లాటినం కాంటాక్ట్, పైన సిలికాన్ ఆక్సైడ్ పొర. ఎన్-టైప్‌కి టైటానియం కాంటాక్ట్, పైన హాఫ్నియం ఆక్సైడ్ పొర. వాడిన పదార్థాలన్నీ సిలికాన్ ఫ్యాబ్‌లకు అలవాటైనవే.

మూడోది డ్రీమ్. దీని దగ్గర ఆగాలి.

ముందు ఒక ఇన్వర్టర్‌ని, అంటే సున్నాని ఒకటిగా, ఒకటిని సున్నాగా మార్చే గేట్‌ని తీసుకుందాం. పైన పీ-టైప్ ఆన్‌లో ఉంది, ఇరవై ట్యూబ్‌లు పనిచేస్తున్నాయి. కింద ఎన్-టైప్ ఆఫ్‌లో ఉండాలి, కానీ దాంట్లో ఒక మెటాలిక్ ట్యూబ్ ఉంది. ఒక్కో ట్యూబ్ నిరోధం ఇంచుమించు ఒకటే అనుకుంటే, పైనుంచి ఇరవై లాగుతుంటే కిందినుంచి ఒకటి లాగుతుంది. అవుట్‌పుట్ సప్లై వోల్టేజ్‌లో 95 శాతం దగ్గర నిలుస్తుంది. తర్వాతి గేట్‌కి అది ఒకటి లాగానే కనిపిస్తుంది. అంటే చెడ్డ ట్యూబ్ ఉంది, సర్క్యూట్ మాత్రం సరిగానే నడుస్తోంది. కరెంట్ కొంచెం వృథా అవుతుంది, అంతే.

ఇప్పుడు రెండు ఇన్‌పుట్ల నాండ్ గేట్, అంటే రెండూ ఒకటైతేనే సున్నా ఇచ్చేది. కింద రెండు ఎన్-టైప్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. ఒకదాంట్లో మెటాలిక్ ట్యూబ్ ఉన్నా, రెండోది ఆఫ్‌లో ఉన్నప్పుడు దారి మూసే ఉంటుంది. ఏ ఒక్క ఇన్‌పుట్ ఒకటైనా సున్నా ఇచ్చే నార్ గేట్‌లో అలా కాదు. కింద రెండూ పక్కపక్కన ఉంటాయి, ఎందులో మెటాలిక్ ట్యూబ్ ఉన్నా నేరుగా లీక్. పైగా పైన రెండు పీ-టైప్‌లు వరుసలో ఉంటాయి కాబట్టి పైకి లాగే బలం సగం. ఇది చేత్తో వేసిన మోటు లెక్కే. కానీ విషయం ఇందులోనే ఉంది: ఒకే చెడ్డ ట్యూబ్ ఏ గేట్‌లో పడిందన్న దాన్ని బట్టి దాని నష్టం మారుతుంది. ఆ గేట్ తర్వాత ఏ గేట్ ఉందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది, ఎందుకంటే ఒక్కో గేట్ ఒక్కో వోల్టేజ్ దగ్గర తిరగబడుతుంది.

డ్రీమ్ చేసేది ఇదే. గేట్ల జంటలన్నింటినీ చూసి, మెటాలిక్ ట్యూబ్ పడితే నాయిస్ మార్జిన్ (సున్నానీ ఒకటినీ పొరబడకుండా ఉంచే వోల్టేజ్ తేడా) దెబ్బతినే జంటలేవో పట్టిక వేస్తారు. ఆ జంటలు వాడొద్దని డిజైన్ టూల్‌కి చెబుతారు. టూల్ అదే లాజిక్‌ని మిగతా జంటలతో కడుతుంది. కాస్త ఏరియా, కాస్త ఎనర్జీ ఎక్కువ పడుతుంది. ఫ్యాబ్‌లో ఒక్క స్టెప్ మారదు. కావాల్సిన శుద్ధి మాత్రం 99.999999 శాతం నుంచి 99.99 శాతానికి దిగింది. పదివేల రెట్లు. 99.99 శాతం సరుకు బజారులో దొరుకుతుంది.

ఆ ప్రాసెసర్‌లో కోటికి పైగా నానోట్యూబ్‌లు ఉన్నాయి. 99.99 శాతం శుద్ధి అంటే కోటికి వెయ్యి చెడ్డవి. హలో వరల్డ్ పలికిన ఆ ప్రాసెసర్ లోపల సుమారు వెయ్యి మెటాలిక్ ట్యూబ్‌లు అలాగే ఉన్నాయన్నమాట. ఎవరూ వాటిని వెతకలేదు, తీయలేదు, ఎక్కడున్నాయో కూడా ఎవరికీ తెలియదు.

ఈ పేపర్ మీద మిత్ర పేరు లేదు. అయినా ఆ ఆలోచన ఏ ల్యాబ్ నుంచి వచ్చిందో టెస్టింగ్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక ప్రొఫెసర్ పనిని కొలవాలంటే ఆయన పేపర్లతో పాటు, ఆయన శిష్యులు ఏ ప్రశ్నతో మొదలుపెడుతున్నారో కూడా చూడాలని నాకు అనిపిస్తుంది.

ఫ్యాబ్‌లోకి

ల్యాబ్‌లో అయిందంటే ఫ్యాబ్‌లో అయినట్టు కాదు. వేఫర్‌ని 48 గంటలు నానబెట్టాలంటే ఏ ప్రొడక్షన్ మేనేజరూ ఒప్పుకోడు. 2020లో షులాకర్ బృందం అనలాగ్ డివైసెస్, స్కైవాటర్ ఫ్యాబ్‌లలో 200 మిల్లీమీటర్ల వేఫర్ల మీద మామూలు సిలికాన్ మెషీన్లతోనే నానోట్యూబ్ ట్రాన్సిస్టర్లు చేసి చూపించింది. నానబెట్టే సమయం 150 సెకన్లకు దిగింది. వేఫర్‌ని మధ్యమధ్యలో ఆరబెట్టడం, ద్రవాన్ని మెల్లగా ఆవిరవనివ్వడం లాంటి చిన్న ఉపాయాలే. ఇలాంటివి పత్రికల్లో పతాక శీర్షికలు కావు, కానీ నేనైతే ఈ పేపర్‌నే ముందు చదవమంటాను.

మరి సిలికాన్ పోయిందా?

పోలేదు. నానోట్యూబ్ వాళ్లు తొమ్మిదులు లెక్కపెడుతున్న కాలంలో సిలికాన్ ఊరికే కూర్చోలేదు. 2011లో ఇంటెల్, గేట్ మూడు వైపులా చుట్టుకునే 22 నానోమీటర్ల ఫిన్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌ని ప్రకటించింది, ఇప్పుడు గేట్ నాలుగు వైపులా చుట్టుకునే నానోషీట్లు వచ్చాయి. గురి పెట్టిన చోట లక్ష్యం లేదు, ముందుకు జరిగిపోయింది. ఆర్‌వీ16ఎక్స్-నానోలో ట్రాన్సిస్టర్ల పొడవు ఇంకా మైక్రాన్ స్థాయిలోనే ఉంది, సిలికాన్ దాన్ని దాటి దశాబ్దాలైంది.

చిన్న ట్రాన్సిస్టర్ చేయలేక కాదు. 2012లో ఐబీఎం 9 నానోమీటర్ల చానల్‌తో చేసింది, 2017లో పెకింగ్ యూనివర్సిటీలో లియన్-మావో పెంగ్ బృందం 5 నానోమీటర్ల గేట్‌తో చేసింది. ఒక్కటి చేయడానికీ, కోటి ఒకేలా చేయడానికీ మధ్య ఉన్న దూరమే ఈ కేసు మొత్తం.

మిత్ర, వాంగ్ మాత్రం కొంతకాలంగా వేరే చోట గురిపెట్టారు. సిలికాన్‌ని తీసేసి దాని స్థానంలో నానోట్యూబ్ పెట్టడం కాదు, సిలికాన్ మీద ఇంకో అంతస్తు కట్టడం. సిలికాన్ ట్రాన్సిస్టర్ చేయడానికి వెయ్యి డిగ్రీల దాకా వేడి కావాలి. కింద ఒకసారి మెటల్ వైరింగ్ వేశాక 400 డిగ్రీలు దాటితే అది పాడవుతుంది. అందుకే సిలికాన్ మీద నేరుగా ఇంకో సిలికాన్ పొర చేయడం కష్టం. నానోట్యూబ్‌లను ముందే వేరేచోట తయారుచేసి తెచ్చి పరుస్తారు కాబట్టి, చిప్ మీద జరిగే పని తక్కువ వేడిలోనే అయిపోతుంది. 2017లో ఈ బృందం నాలుగు అంతస్తుల చిప్ చేసింది. ఇరవై లక్షలకు పైగా నానోట్యూబ్ ట్రాన్సిస్టర్లు, నిరోధాన్ని మార్చి డేటా దాచే ఆర్‌ర్యామ్ మెమరీ సెల్‌లు పది లక్షలకు పైగా. పై అంతస్తులో నానోట్యూబ్‌లే వాయువులను పసిగట్టే సెన్సర్లు, కింద మెమరీ, లాజిక్. డేటా బయటికి పోకుండా పైనుంచి కిందికి నేరుగా దిగుతుంది. ఈనాటి చిప్‌లలో ఎనర్జీలో పెద్ద భాగం లెక్క చేయడానికి కాదు, డేటాను మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య మోయడానికి పోతోంది. కాబట్టి నాకు ఈ గురి సరైనదే అనిపిస్తుంది. ఇక్కడ నానోట్యూబ్ సిలికాన్‌ని వేగంలో గెలవాల్సిన పనిలేదు. చల్లగా తయారైతే చాలు.

ఈ మధ్యలో శుద్ధి వాళ్లూ ఆగలేదు. 2020లో పెంగ్ బృందం 99.9999 శాతానికి పైగా శుద్ధి, మైక్రాన్‌కి వంద నుంచి రెండు వందల ట్యూబ్‌ల వరుసలు సాధించామని ప్రచురించింది. మరి ఇంత శుద్ధి వచ్చాక డ్రీమ్ లాంటివి ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. నా అభిప్రాయం వేరు. కోటి ట్యూబ్‌లకు ఆరు తొమ్మిదులు అంటే పది చెడ్డవి. వెయ్యి కోట్ల ట్యూబ్‌లకు పదివేలు. చిప్ పెరిగేకొద్దీ ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది. సిలికాన్‌లోనే చెడ్డ సెల్‌లు ఉంటాయని ఒప్పుకుని మెమరీ చిప్‌లో అదనపు వరుసలు పెడుతున్నాం, నానోట్యూబ్‌కి ఆ సౌకర్యం ఎందుకు వద్దనాలి?

తీరని సంగతులు ఇంకా ఉన్నాయి. మెటల్‌కీ ట్యూబ్‌కీ మధ్య కాంటాక్ట్ నిరోధం అందులో పెద్దది. కాంటాక్ట్ పొడవు పది నానోమీటర్ల దగ్గరకి తగ్గితే అది అమాంతం పెరుగుతుంది. ట్యూబ్ కొసకే మాలిబ్డినంని రసాయనికంగా అతికించి దీన్ని దాటొచ్చని 2015లో ఐబీఎం పీ-టైప్‌లో చూపించింది, ఎన్-టైప్‌లో అంత తేలిగ్గా కుదరడం లేదు. గేట్ వోల్టేజ్‌ని ఎక్కిస్తూ కొలిచినప్పుడు ఒక గీత, దించుతూ కొలిచినప్పుడు ఇంకో గీత రావడం రెండోది. ట్యూబ్ చుట్టూ ఉన్న ఆక్సైడ్‌లో, తేమలో చార్జ్ ఇరుక్కోవడం వల్ల ఇది వస్తుంది. కొత్త ల్యాబ్ ఏదైనా తమ నానోట్యూబ్ ట్రాన్సిస్టర్ గీత చూపిస్తే, అది ఒక దిశలో కొలిచిందా, రెండు దిశల్లోనా అని ముందు అడగండి. ఒకే దిశలో గీసి ఉంటే ఆ స్లైడ్ దగ్గర ఆగి, రెండోది కూడా చూపించమనండి.